మొదటి యాభై కిలోమీటర్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

గత సంచికలో అప్పలాచియన్ ట్రైల్ మీద నా మొదటి వారం గురించి రెండు పేజీలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఆ సంచిక చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. అమెరికా తూర్పు కొండల మీదుగా, జార్జియాలోని స్ప్రింగర్ మౌంటెన్ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా 14 రాష్ట్రాల గుండా వెళ్లే కాలిబాట ఇది. పొడవు దాదాపు 3,500 కిలోమీటర్లు. 1921లో బెంటన్ మెకాయ్ అనే ఆయన ప్రతిపాదిస్తే 1937కి దారి పూర్తయింది. నాది తెనాలి. అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్ అనే ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాను, అకౌంట్స్ ఉద్యోగం. 2022 మార్చిలో, నా నలభై తొమ్మిదో ఏట, ఏడు వారాలు సెలవు పెట్టి ఈ దారి పట్టాను. ఆ ఏడాది వర్జీనియా సరిహద్దులోని డమాస్కస్ ఊరి దాకా వెళ్లాను. తర్వాత ఏటా కొంత కొంత నడుస్తూ వెస్ట్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఊరు చేరాను. ఇంకా సగానికి పైనే ఉంది. అంచేత నన్ను మొత్తం నడిచిన మనిషిగా అనుకోకండి. అయితే మీరు అడిగినవన్నీ మొదటి రోజుల గురించే. వాటిలో ఒక్క రోజు కూడా నేను మర్చిపోలేదు.

ప్రశ్న: అక్కా, మొదటి వారంలో నాలుగుసార్లు ఏడ్చానని రాసి, ఎందుకో చెప్పకుండా వదిలేశారు. ఎందుకు ఏడ్చారు? మీ ఇల్లు అక్కడికి దగ్గరే కదా, వెనక్కి ఎందుకు వచ్చేయలేదు? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చెల్లీ, మొదటిసారి ఏడ్చింది మొదటి రాత్రే. ట్రైల్ లెక్క స్ప్రింగర్ శిఖరం మీద మొదలవుతుంది. నాలాగా అమికలోలా జలపాతం పార్కు నుంచి బయల్దేరితే ఆ శిఖరానికి చేరడానికే సుమారు 14 కిలోమీటర్లు ఎక్కాలి. ఆ 14 కిలోమీటర్లు లెక్కలోకి రావు. జలపాతం పక్కన 604 మెట్లున్నాయి. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని అలిపిరి మెట్లెక్కినదాన్ని, ఆరు వందలు నాకొక లెక్కా అనుకున్నాను. అలిపిరిలో నా చేతిలో ఉన్నది ఒక కొబ్బరికాయ. ఇక్కడ వీపు మీద 38 పౌండ్లు, అంటే 17 కిలోల పైమాట. పార్కు ఆఫీసు దగ్గర వేలాడదీసిన కాటాలో బ్యాగు తూచి మరీ ఆ అంకె చూశాను. చూసి కూడా ఒక్క వస్తువు తీయలేదు.

రెండు వందల మెట్టు దగ్గర కూర్చున్నాను. మూడు వందల దగ్గర మళ్లీ కూర్చున్నాను. ఆ రోజు స్ప్రింగర్ చేరనే లేదు. దానికి రెండున్నర కిలోమీటర్ల ముందున్న బ్లాక్ గ్యాప్ షెల్టర్‌లో ఆగిపోయాను. షెల్టర్ అంటే మూడు వైపులా చెక్క గోడ, నాలుగో వైపు అడవి. పలకల నేల మీద చాప పరుచుకుని పడుకోవాలి. అర్ధరాత్రి చలికి మెలకువ వచ్చింది. ఇంత కష్టపడి ఇంకా సున్నా దగ్గరే ఉన్నానన్న ఆలోచన వచ్చి ఏడుపు ఆగలేదు. ఆ చీకట్లో పక్కనుంచి ఒకావిడ గొంతు వినిపించింది: "వేడినీళ్లు సీసాలో పోసి కాళ్ల దగ్గర పెట్టుకో, నిద్ర పడుతుంది." లేచి తన స్టవ్ వెలిగించి నీళ్లు కాచింది కూడా ఆవిడే. అరవై దాటిన రిటైర్డ్ నర్సు. మొహం చూసింది మాత్రం తెల్లారాకే.

రెండోసారి ఏడ్చింది వానకి. మూడో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే వాన. నేను వేసుకున్నది నూలు చుడీదార్, దాని మీద నూలు స్వెటర్. మన ఊళ్లో నూలు బట్టంత సుఖమైంది లేదు. చలి కొండల మీద అది తడిస్తే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది, ఓ పట్టాన ఆరదు. హాక్ మౌంటెన్ షెల్టర్ చేరేసరికి పెదవులు బిగుసుకుపోయి నా పేరు నేను సరిగ్గా పలకలేకపోయాను. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. అక్కడున్న ఒక పెద్దాయన, ఒహాయోలో పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, తన పొడి ఉన్ని చొక్కా తీసిచ్చి, అందరినీ అటు తిరగమని, నన్ను బట్టలు మార్చుకోమన్నాడు. ఆ రాత్రి ఆయన పలచటి కోటుతోనే పడుకున్నాడు.

మూడోది గూచ్ మౌంటెన్ షెల్టర్‌లో. దీన్ని వివరంగా చెప్పాలి. కుడి మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. బూటు తీస్తే సాక్సుకి అంటుకుని వచ్చింది. నర్సు చూసి షెల్టర్ అంచున కూర్చుని, కాలు తన ఒళ్లో పెట్టమంది. నేను వెనక్కి లాక్కున్నాను. నాకంటే పెద్దావిడ, ఆవిడ ఒళ్లో నా కాలా! మనకు పుస్తకానికి కాలు తగిలితేనే కళ్లకద్దుకోవడం అలవాటు. అదే చెప్పాను ఆవిడకి. ఆవిడ కాసేపు ఆలోచించి, "నలభై ఏళ్లు నేను చేసింది ఇదే పని. ఇయ్యి" అంది. సూదిని ఆల్కహాల్‌తో తుడిచి, బొబ్బ అంచున రెండుచోట్ల గుచ్చి, నీరు మాత్రం పిండింది. పై తోలు ఊడదీయలేదు. అదే లోపలి పుండుకి మూత అట. ఆరనిచ్చి, మీద చిన్న గుడ్డముక్క పెట్టి, గట్టిగా అంటుకునే ల్యూకోటేప్ మడమ చుట్టూ ముడత లేకుండా వేసింది. ముడత ఉంటే అక్కడ ఇంకో బొబ్బ లేస్తుందని వేలితో మూడుసార్లు రాసి చూసింది. నాకు కన్నీళ్లు వచ్చింది నొప్పికి కాదు. ఆవిడ తల వంచుకుని నా కాలు చూస్తుంటే మా అమ్మ గుర్తొచ్చింది.

నాలుగోది ఉడీ గ్యాప్ దగ్గర, శుక్రవారం. గ్యాప్ అంటే రెండు కొండల మధ్య పల్లం. అక్కడ ట్రైల్ కారు రోడ్డుని దాటుతుంది. ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. మా ఇంటి నుంచి గంట, గంటన్నర దూరం. మావారికి ఫోన్ చేశాను. "వచ్చి తీసుకెళ్లండి" అనాలనే చేశాను. ఆయన "ఎలా ఉన్నావు?" అనగానే మాట రాలేదు. నిజానికి వెనక్కి వచ్చేవాళ్లలో చాలామంది ఇలాంటి రోడ్డు దగ్గరే ఆగిపోతారు. ఈ ట్రైల్ మొత్తం ఒకే ఏడాదిలో నడుస్తామని బయల్దేరేవాళ్లలో సుమారు నలుగురిలో ఒక్కరే చివరి దాకా వెళ్తారు.

ఆ రోడ్డు పక్క ఎవరో ముసలి దంపతులు టేబుల్ వేసుకుని నడిచేవాళ్లకి పండ్లు, కోక్, చిప్స్ ఊరికే పంచుతున్నారు. దాన్ని అక్కడ 'ట్రైల్ మ్యాజిక్' అంటారు. రెండో రోజు నుంచి మాతో నడుస్తున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఒక నారింజ తెచ్చాడు. నా వేళ్లు చలికి వంగడం లేదని చూసి, తనే ఒలిచి తొనలు నా చేతిలో పెట్టాడు. పెట్టి ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నాడు. ఫోన్‌లో మావారు "హలో, హలో" అంటున్నారు. ఒక తొన నోట్లో వేసుకుని, "రేపు సాయంత్రం నీల్ గ్యాప్‌కి రండి. పెరుగన్నం తీసుకురండి, నలుగురికి సరిపడా" అన్నాను. స్ప్రింగర్ నుంచి యాభై కిలోమీటర్ల దగ్గర ట్రైల్ మళ్లీ రోడ్డుని దాటేచోటు అది.

ఎందుకు వెనక్కి రాలేదంటే ఇదే, చెల్లీ. ఒక్కదాన్నే ఉండి ఉంటే వచ్చేసేదాన్ని, అందులో నాకు అనుమానం లేదు.

ప్రశ్న: మేడమ్, మాది వరంగల్, డాలస్‌లో చదువుతున్నాను. వచ్చే మార్చిలో బయల్దేరాలని అన్నీ కొనేశాను. బ్యాగు 21 కిలోలు వచ్చింది. ఏది తీయాలో అర్థం కావడం లేదు, టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ముందు వంటింటి కాటా ఒకటి తెచ్చుకుని ఒక్కో వస్తువూ తూచి కాగితం మీద రాయి. మొత్తం అంకె చూస్తే భయమే వేస్తుంది, ఏం తీయాలో తెలియదు. విడివిడిగా రాసి చూస్తే దొంగలెవరో తెలిసిపోతారు. నీ ఒంటి బరువులో అయిదో వంతుకి మించకుండా చూసుకో. నా బరువు 61 కిలోలు, అంటే 12 కిలోలు మొయ్యాల్సినదాన్ని 17 మోశాను.

ఆ అయిదు కిలోలు ఏమిటో చెబుతాను. గాజు సీసాలో ఆవకాయ. రెండు స్టీలు గిన్నెలు, మూతలతో. నూలు చుడీదార్లు మూడు, దుప్పటి, పెద్ద టర్కీ టవల్. గొడుగు. పదకొండు రోజుల తిండి. యాభై కిలోమీటర్లకే షాపు ఉందని మ్యాపులో చూసి కూడా పదకొండు రోజులది మోశాను. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో అలవాటు, రైలెక్కితే రెండు పూటల ప్రయాణానికి నాలుగు పూటల డబ్బా కట్టడం. ఆకలి భయం మనకి తాతల నాటిది. దాన్ని తప్పుపట్టను. కాకపోతే ఆ కొండల మీద దాన్ని మోసేది మోకాళ్లు.

నీల్ గ్యాప్ గురించి నీకు తెలిసే ఉంటుంది. 1930లలో కట్టిన వలాసియి అనే రాతి భవనం, దాని గుండానే ట్రైల్ వెళ్తుంది. నేను వెళ్లినప్పుడు బయట చెట్టు నిండా పాత బూట్లు వేలాడుతుండేవి. లోపల నడక సామాన్ల షాపు ఉంది. అక్కడివాళ్లని అడిగితే బ్యాగు మొత్తం నేల మీద గుమ్మరించి, ఏది ఉంచాలో ఏది పంపేయాలో ఓపిగ్గా చెబుతారు. నా బ్యాగు ముందు కూర్చున్నతను ఒక్కో వస్తువూ ఎత్తి "ఈ ఆరు రోజుల్లో దీన్ని ఎన్నిసార్లు వాడావు?" అని అడిగాడు. అంతే, ఇంకేమీ అనలేదు. గొడుగుకి, దుప్పటికి, రెండో గిన్నెకి నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం మావారి కారులో అవన్నీ ఇంటికి వెళ్లిపోయాయి. నువ్వు ఆ ప్రశ్న ఇంట్లోనే వేసుకో. రెండు రాత్రులు దగ్గర్లోని ఏదైనా పార్కులో అదే బ్యాగుతో పడుకుని వచ్చి, వాడనివి తీసెయ్.

తీయకూడనివి కూడా చెప్పాలి. వానకోటు, పొడిగా దాచుకున్న ఒక జత బట్టలు, ఉన్ని సాక్సులు, మందుల చిన్న సంచి, టార్చిలైటు. వీటిలో బరువు తగ్గించుకోకు. బూట్లు మామూలు సైజు కంటే అర సైజో, ఒక సైజో పెద్దవి కొను. రోజంతా నడిస్తే పాదాలు ఉబ్బుతాయి. నా బొబ్బకి సగం కారణం సరిగ్గా సరిపోయే బూట్లే. నీళ్లు వడకట్టే ఫిల్టర్‌ని రాత్రి స్లీపింగ్ బ్యాగులో నీతోపాటే పడుకోబెట్టుకో. లోపల నీరు గడ్డకడితే సన్నటి గొట్టాలు పగిలిపోతాయి, పైకి చూస్తే ఏమీ తెలియదు. నువ్వు శుభ్రమైన నీళ్లే తాగుతున్నాననుకుంటావు.

మొదటి వారం రోజుకి 12, 13 కిలోమీటర్లు దాటకు. కుర్రవాడివి, ఊపిరి సహకరిస్తుంది, పాతిక నడుద్దామనిపిస్తుంది. కండ త్వరగా అలవాటు పడుతుంది గానీ మోకాలి కీళ్లకి, మడమకి ఇంకా కొన్ని వారాలు కావాలి. మాతో ఉన్న కుర్రాడికి ఇది చెప్పింది పోస్ట్‌మన్ పెద్దాయనే. ముప్పై ఏళ్లు ఉత్తరాల సంచీ మోసిన మనిషి మాట కాబట్టి విన్నాడు.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి మేరీల్యాండ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఒక్కతే ఈ నడకకి వెళ్తానంటోంది. ముక్కూ మొహం తెలియని మగవాళ్లతో ఒకే చూరు కింద పడుకోవడం ఏమిటని నాకు నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ భయం నాకు అర్థమైంది. మా అమ్మ కూడా తెనాలి నుంచి ఇదే మాట అంది. ఫోన్ పెట్టేసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

భయపడాల్సింది ఏమీ లేదని నేను చెప్పను. నాకే ఒకచోట ఒకతను తేడాగా అనిపించాడు. రేపు ఎంత దూరం నడుస్తావు, రాత్రి ఎక్కడ ఆగుతావు, ఒక్కదానివేనా అని ఒకటికి మూడుసార్లు అడిగాడు. నేను నర్సుతో ఒక్క మాటే చెప్పాను. ఆవిడ మారు మాట్లాడకుండా అప్పటికే వేసిన తన గుడారం ఊడదీసింది. చీకటి పడుతుంటే ముగ్గురం ఇంకో రెండు కిలోమీటర్లు నడిచి వేరేచోట పడుకున్నాం. కుర్రాడు ఆకలి మీద ఉన్నాడు, అయినా ఎందుకని అడగలేదు.

మీ అమ్మాయికి మీరు చెప్పాల్సింది ఇది: మనసుకి తేడాగా అనిపిస్తే మొహమాటపడొద్దు. అక్కడి నుంచి లేచి వెళ్లిపోవడానికి ఎవరికీ కారణం చెప్పక్కర్లేదు. కొత్తవాళ్లకి రాత్రి మకాం చెప్పొద్దు. ఊళ్లోకి వెళ్లడానికి తెలియని కారు ఒంటరిగా ఎక్కొద్దు. ఫోన్ సిగ్నల్ లేనిచోట కూడా పనిచేసే శాటిలైట్ పరికరం ఒకటి కొనుక్కోమనండి. నా దగ్గరున్న దాంతో రోజూ సాయంత్రం "క్షేమం" అని ఒక్క మెసేజ్ మావారికీ, అమ్మకీ వెళ్లేది. అమ్మ దాన్ని చూశాకే అన్నం తినేదట, తర్వాత తెలిసింది. మీకూ అది చాలా సాయం అవుతుంది.

ఇంకో సంగతి. ఒక్కతే బయల్దేరినంత మాత్రాన ఒక్కతే నడుస్తుందని అనుకోకండి. మార్చి నెలలో జార్జియా షెల్టర్ల దగ్గర ఒక్కో రాత్రి పాతిక, ముప్పై గుడారాలు చూశాను. మూడు రోజులు ఒకే వానలో తడిసినవాళ్లు, ఒకే ఊట దగ్గర నీళ్లు పట్టుకున్నవాళ్లు వద్దన్నా దగ్గరవుతారు. అసలు పేర్లు ఎవరూ అడగరు. తోటివాళ్లు ఏదో ఒక పేరు పెడతారు, చివరిదాకా అదే పిలుపు. నా గాజుసీసా పుణ్యమా అని నాకు 'పికిల్' అని పెట్టారు. నాలుగో రోజు నేను ఇరవై నిమిషాలు ఆలస్యమైతే, "పికిల్ ఇంకా రాలేదు" అంటూ కుర్రాడు బ్యాగు దింపేసి వెనక్కి నడిచి వచ్చాడు. నేను బూటు తీసి రాయి మీద కూర్చుని ఉన్నాను. నా బ్యాగు తన భుజానేసుకుని మిగిలిన దారంతా మోశాడు. వాళ్లమ్మ ఎవరో నాకు తెలియదు. ఆవిడకి దణ్ణం పెట్టుకున్నాను.

మీ అమ్మాయిని ముందు ఒక వారం వెళ్లి రమ్మనండి. మేరీల్యాండ్‌లో ఈ ట్రైల్ 65 కిలోమీటర్ల పైన ఉంది. అక్కడ కొండలు జార్జియాలో కన్నా మెత్తగా ఉంటాయి. వచ్చాక తన మాటలు వినండి, అప్పుడు మీరే నిర్ణయించుకోండి.

ప్రశ్న: మేము శాకాహారులం. అడవిలో ఏం తిన్నారు? వండుకునే ఓపిక ఉంటుందా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: సాయంత్రానికి నీళ్లు కాచే ఓపిక తప్ప ఇంకేమీ ఉండదండీ. అందుకే నా తిండంతా మరిగే నీళ్లు పోస్తే అయిపోయేది. అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, సేమియా, ఎండబెట్టిన కూరముక్కలు, కందిపొడి, పల్లీ చిక్కీ. అన్నిటికంటే పనికొచ్చింది ఇంట్లో చేసి తీసుకెళ్లిన పులిహోర పేస్ట్. చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడికించి, ఇంగువ, పోపు వేసి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకున్నాను. అటుకుల మీద కాసిని వేడినీళ్లు చల్లి, రెండు నిమిషాలు మూత పెట్టి, ఒక చెంచా పేస్ట్ కలిపితే ఆ చలిలో అది అమృతమే. ఆవకాయ కూడా గాజుసీసా లోంచి చిన్న డబ్బాలోకి మారి నాతోనే వచ్చింది. ఎలుగుబంట్ల వల్ల వాసన వచ్చేదంతా, టూత్‌పేస్ట్‌తో సహా, రాత్రి సంచిలో కట్టి షెల్టర్ దగ్గరుండే ఇనుప తీగకి పైకి లాగి కట్టేవాళ్లం.

ఇక్కడ మన పద్ధతి ఒకటి పనికొచ్చింది. ఈ ట్రైల్ మీద కడుపుని కుళ్లబొడిచే నోరోవైరస్ అప్పుడప్పుడు షెల్టర్ నుంచి షెల్టర్‌కి పాకుతుంది. శానిటైజర్‌కి అది సరిగ్గా చావదు, సబ్బుతో చేతులు కడగాల్సిందే. ఒకరి చిప్స్ సంచిలో ఇంకొకరు చెయ్యి పెడితే చాలు, అంటుకుంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చేతిలో పోస్తారు గానీ సంచిలో చెయ్యి పెట్టనివ్వరు. నేను వాళ్లకి 'ఎంగిలి' అంటే ఏమిటో చెప్పాను. మా ఇళ్లలో ఒకరు తిన్న చెంచా ఇంకొకరి గిన్నెలోకి పోదని, పెట్టేవాళ్లు పైనుంచి వడ్డిస్తారని చూపించాను. నర్సుకి ఆ మాట ఎంత నచ్చిందో! తర్వాత ఎవరు చెయ్యి చాచినా "ఎంగిలి, ఎంగిలి" అంటూ దోసిట్లో పోసేది.

నీల్ గ్యాప్ దగ్గర పెరుగన్నం అలాగే వడ్డించాను. మావారు స్టీలు డబ్బాలో తెచ్చారు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పోపుతో. పోస్ట్‌మన్ పెద్దాయన మూడుసార్లు పెట్టించుకున్నాడు.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు, రిటైర్డ్ టీచర్‌ని. అమెరికా వెళ్లే స్తోమత లేదు. మన దగ్గర ఇలాంటి నడక ఉందా? ఈ వయసులో ఎలా మొదలుపెట్టాలి? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మాస్టారూ, 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ 67 ఏళ్ల వయసులో ఈ ట్రైల్ మొత్తం ఒంటరిగా నడిచింది. పదకొండు మంది బిడ్డల తల్లి. కాళ్లకి మామూలు గుడ్డ బూట్లు, భుజాన కుట్టుకున్న సంచి. కాబట్టి వయసు సంగతి పక్కన పెట్టండి.

మీ ఊరి పక్క నుంచే ఒక పెద్ద నడక సాగుతుంది కదండీ. ఉగాదికి కన్నడ భక్తులు వందల కిలోమీటర్లు నడిచి శ్రీశైలం వస్తారు. ఆత్మకూరు దాటాక వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో ఎక్కిదిగి కైలాసద్వారం చేరతారు. దారి పొడవునా మన ఊళ్లవాళ్లు మజ్జిగ, భోజనం పెడతారు, కాళ్లకి మందు రాస్తారు. ఉడీ గ్యాప్‌లో ఆ ముసలి దంపతుల టేబుల్ చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. మామూలు రోజుల్లో అది పులులున్న అడవి. కాబట్టి ఉత్సవం రోజుల్లో, అనుమతి ఉన్నప్పుడు, జనంతో కలిసే వెళ్లండి.

మొదలుపెట్టడానికి డాక్టర్‌తో ఒకసారి గుండె, మోకాళ్లు చూపించుకోండి. తర్వాత స్కూలు సంచిలో రెండు కిలోల బియ్యం వేసుకుని రోజూ మెట్లెక్కి దిగండి. దిగడమే ముఖ్యం, మోకాళ్లు దెబ్బతినేది దిగేటప్పుడే. రెండు వారాలకొకసారి ఇంకో కిలో కలపండి. చేతికర్ర వదలకండి.

ప్రశ్న: మేము నలుగురు స్నేహితులం కలిసి జార్జియా భాగం నడవాలని ప్లాన్ చేస్తున్నాం. ఒకరు బాగా వేగం, ఒకరు బాగా నెమ్మది. పోయినసారి రెండు రోజుల క్యాంపింగ్‌లోనే గొడవైంది. అందరూ కలిసే నడవాలా, ఎవరి దారిన వాళ్లా? – ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పగలు ఎవరి అడుగు వాళ్లదే. ఇంకొకరి అడుగుతో రోజంతా నడవడం కంటే అలసట లేదు. నెమ్మదిగా నడిచేవాళ్లు పరిగెత్తి కాళ్లు పాడుచేసుకుంటారు, వేగంగా నడిచేవాళ్లు ఆగి ఆగి చలికి బిగుసుకుపోతారు, ఇద్దరికీ కోపం వస్తుంది. మేము పొద్దున్నే మూడు విషయాలు అనుకునేవాళ్లం: మధ్యాహ్నం ఏ నీళ్ల దగ్గర కలవాలి, రాత్రి ఎక్కడ ఆగాలి, ఎన్నింటికి రాకపోతే వెనక్కి వెతకాలి. దారి చీలేచోట ముందువాళ్లు ఆగి, వెనకవాళ్లు కనపడ్డాకే కదలాలి. చెట్ల మీద తెల్లరంగు గుర్తులు ఉంటాయి, అరచెయ్యంత వెడల్పు కూడా ఉండవు. పొగమంచులో వాటిని దాటిపోవడం చాలా తేలిక.

గొడవలు సాయంత్రం, తినకముందు వస్తాయి. మా నలుగురిలోనూ వచ్చాయి. నీల్ గ్యాప్‌కి ముందుండే బ్లడ్ మౌంటెన్ దిగేటప్పుడు ఆ నున్నటి రాతి బండల మీద నేను కూర్చుని కూర్చుని దిగుతుంటే, పెద్దాయన విసుక్కున్నాడు. నాకు చాలా బాధేసింది. కింద షాపులో వేడి కాఫీ కప్పు నా చేతికిచ్చి, తన మోకాలు నొప్పిగా ఉందనీ ఆ విసుగు దానిదనీ చెప్పాడు. ఆకలి తీరాకే మాట్లాడుకోండి. అంతకుముందు అన్నమాటలు లెక్కలో వేసుకోకండి.

విడిపోవాల్సి వస్తే విడిపోండి, దాన్ని తప్పుగా తీసుకోకండి. నార్త్ కరోలినాలో ఫ్రాంక్లిన్ ఊరి దాకా మేము నలుగురం కలిసే వెళ్లాం. అప్పటికి కుర్రాడు రోజుకి ముప్పై కిలోమీటర్లు నడవగలిగాడు, మాకు ఇరవై గగనం. మా కోసం ఆగుతున్నాడని తెలుస్తూనే ఉంది. ఆ పొద్దున నర్సు, నేను వాణ్ణి కూర్చోబెట్టి వెళ్లమని చెప్పాం. అతనికి ఒక్క తెలుగు మాట వచ్చు: 'పద.' పొద్దున్నే బ్యాగు ఎత్తుకునేటప్పుడు నేను అనే మాట అది, అందరికీ అలవాటైపోయింది. ఆ రోజు అందరికంటే ముందు అనాల్సింది అతనే, అనలేకపోయాడు. నేనే అన్నాను.

ప్రతి షెల్టర్‌లోనూ ప్లాస్టిక్ కవర్లో ఒక నోటుబుక్కు, పెన్సిలో పెన్నో ఉంటాయి. వచ్చినవాళ్లు తేదీ వేసి నాలుగు ముక్కలు రాసి పోతారు. మూడు రోజుల తర్వాత ఒక షెల్టర్‌లో పుస్తకం తిరగేస్తుంటే అతని చేతిరాత కనిపించింది. ఊట ఎడమవైపు కిందికి ఉంది, పలకల కింద ఎలుకలున్నాయి, తిండి సంచి పైన కట్టు అని నాకోసం రాశాడు. తర్వాతి షెల్టర్‌లో ఇంకొకటి. డమాస్కస్ దాకా అలా పదకొండు చోట్ల దొరికాయి. అన్నిటి చివరా ఇంగ్లీషు అక్షరాల్లో అదే మాట: "పికిల్, పద."

మీ నలుగురిలో వేగంగా నడిచేది ఎవరో, అతని బ్యాగులో ఒక మంచి పెన్ను పెట్టండి. చలికి షెల్టర్లలో పెన్నులు తరచూ రాయవు.